ఎడమ భుజంలో ఐదు పొరలు

ప్యాడు బల్ల మీదే ఉంది. పొద్దున చొక్కా కుట్లు పిగిలి ఊడిపడ్డ దగ్గర్నుంచీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అరచేతి వెడల్పున, చంద్రవంక ఆకారంలో, దూది చుట్టూ ఐదు పొరల బట్ట వేసి సన్నగా కుట్టిన ప్యాడు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

దాని చుట్టూ మూడు టీ గ్లాసులు చల్లారిపోతున్నాయి.

"ఇదేంటి?" అన్నాడాయన. పొద్దుట్నుంచి ఇలా అడగడం నాలుగోసారి.

"ప్యాడు" అంది ఆయన భార్య టైలరమ్మ. నాలుగోసారీ అదే జవాబు.

"ప్యాడని నాకూ తెలుసు. నా చొక్కాలో ఎందుకుందని అడుగుతున్నాను."

ఆమె మెడలో టేపు సర్దుకుంది.

"ఈ ఒక్క చొక్కాకేనా?"

"అన్నిటికీ."

"అన్నిటికీ అంటే?"

"ఏడు చొక్కాలకీ."

"యూనిఫాంకి?"

ఆమె కుట్టుమిషను వైపు చూసింది. జవాబు చెప్పినట్టే అయింది.

"స్వెట్టరుకి కూడా ఉందిరా" అంది గుమ్మం దగ్గర బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు. "చెప్పెయ్యవే అమ్మాయ్, ఒక్కసారే తిట్టించుకుంటే సరిపోతుంది."

ఆయన తల్లి వైపు తిరిగాడు. "నీకూ తెలుసన్నమాట."

"ఉన్నదే మూడు గదులు. నాకు తెలియకుండా ఇది ఏం కుడుతుంది?"

ఆయన గ్లాసు అందుకోబోయి ఆగాడు. గ్లాసు ఎడమ చేతి వైపు ఉంది. కుడిచెయ్యి దాటించి తీసుకున్నాడు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి గ్లాసు కింద పెట్టిన చప్పుడుకి బఠాణీ గింజ ఒకటి దొర్లుకుంటూ పోయింది. దాన్నీ ఎవరూ ముట్టుకోలేదు.

ఆయన అగ్నిమాపక కేంద్రంలో నిచ్చెన ఎక్కే జట్టు మనిషి. అక్కడ అందరూ ఆయన్ని నిచ్చెన అనే పిలుస్తారు, పనికి తోడు పొడుగూ కలిసొచ్చింది. ఆఫీసరు ఎవరికి పరిచయం చేసినా "వీడు నా కుడిభుజం" అనేవాడు. ఏడు నెలల క్రితం అభ్యాసంలో నిచ్చెన జారి కింద పడితే ఎడమ భుజం విరిగింది. అప్పట్నుంచి ఆయనకి నిజంగానే కుడిభుజం ఒక్కటే మిగిలింది.

ఎముక మూడు నెలల్లో అతుక్కుంది. కట్టు విప్పి చూస్తే లోపల ఉండాల్సిన కండ లేదు. మొదటిరోజు యూనిఫాం వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. ఎడమవైపు భుజం కుట్టు జారి చేతి మీదికి దిగింది. విప్పి కొక్కేనికి తగిలించాడు. ఆ తర్వాత మూడు వారాలు వీధి గేటు దాటలేదు.

ఒంటి కొలత తప్పితే బట్టతో సర్దడం టైలరమ్మకి ఇరవై ఏళ్ళుగా అన్నం పెడుతున్న విద్య. ఒక తుంటి ఎత్తుగా ఉన్న పెళ్ళికూతుళ్ళూ, వీపు వంగిన గుమాస్తాలూ ఆమె దగ్గరికి వచ్చి నిటారుగా వెళ్ళేవాళ్ళు. అగ్నిమాపక కేంద్రం వాళ్ళ బట్టలన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్తాయి. నిచ్చెన జట్టుకి ముదురు నీలం, గేటు దగ్గర కూర్చునేవాళ్ళకి బూడిద రంగు. అంతమందికి చేసింది కట్టుకున్నవాడికి చెయ్యకుండా ఉంటుందా? ఒక్క పొర వేసింది. ఆయన ఆ చొక్కా తొడుక్కుని వీధి చివరిదాకా వెళ్ళి రొట్టె కొనుక్కుని వచ్చాడు.

"అద్దంలో చూశావా? భుజం నిండుతోంది" అన్నాడు. ఆ మొహంలో వెలుగు చూసి నెలలైంది.

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. చెయ్యి ఇంకా సన్నబడింది. రెండో పొర వేసింది. చెప్పడానికి ప్రతిసారీ ఒక పొర అడ్డమొచ్చింది.

"అద్దం ముందు చెయ్యమన్నారు ఎక్సర్‌సైజు మేడమ్" అన్నాడాయన ప్యాడుని చూస్తూ. "రెండు భుజాలూ ఒకే ఎత్తులో కనిపిస్తేనే తర్వాతి మెట్టు అన్నారు. ముందు గోడ మీద దండీలు, తర్వాత బల్ల అంచున, ఆ తర్వాత నేల మీద. నేను అద్దాన్ని చూసే ఎక్కాను. గోడ నుంచి బల్లకి వచ్చాను. రేపు నేలకి దిగుదామనుకున్నాను."

"నాకు తెలీదండీ. అద్దం చూసి మెట్లు ఎక్కుతున్నారని నాకు తెలీదు" అంది. ఇది మాత్రం నిజం. ఆయన లోపలి గదిలో దండీలు తీసే వేళకి ఆమె ముందు గదిలో మిషను తొక్కుతూ ఉండేది.

"పన్నెండు రోజుల్లో పరీక్ష" అన్నాడు. "డాక్టరు ముందు చొక్కా విప్పాలి. నేల మీద పది దండీలు తియ్యాలి. రెండు చేతులతో నిచ్చెన ఎక్కాలి. అక్కడ నువ్వు ఏం కుడతావు? చర్మం మీద కుడతావా?"

అత్తగారు బఠాణీల గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

*

ఎక్సర్‌సైజు మేడమ్ గదిలో ఒక గోడంతా అద్దమే. బరువులూ ఇనుప సామానూ ఏమీ ఉండవు. గోడ, బల్ల, కుర్చీ, నేల మీద చాప. ఆవిడ సరంజామా అంతే.

"చొక్కా తీసి నిలబడండి సార్."

తీశాడు. ఆ భుజం టైలరమ్మ చేతికి తెలుసు, టేపుకి తెలుసు. అయినా పట్టపగటి వెలుతురులో రెండు భుజాలూ పక్కపక్కన కనిపించేసరికి తల దించుకుంది. కుడివైపు మనిషి ఒకడు, ఎడమవైపు వాడి తమ్ముడు.

"మూడు నెలలుగా ఫోన్లో 'సమానంగా ఉన్నాయి మేడమ్' అన్నారు కదా?"

"అద్దంలో చూసే చెప్పాను. ఇంట్లో చేసుకుంటే చాలనుకున్నాను."

"చొక్కాతో చూశారా?"

ఆయన తలాడించాడు.

"మీరు చూసింది మీ భుజం కాదు సార్. మీ ఆవిడ కుట్టుపని."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే టైలరమ్మకి కాస్త తేలికగా ఉండేదేమో.

"టేపుందా అమ్మా?"

మెడలోనే ఉంది. ఇంట్లోంచి వచ్చేటప్పుడు తియ్యడం మర్చిపోయింది. మేడమ్ తీసుకుని కొలిచింది. "కుడి దండచెయ్యి పదమూడు. ఎడమది..."

"పదిన్నర" అంది టైలరమ్మ, టేపు పూర్తిగా బిగియకముందే.

మేడమ్ వంగి చూసింది. "పదిన్నరే."

ఆయన అద్దంలోంచి భార్యని చూశాడు.

"పోయిన నెల పదింబావే ఉండేదండీ" అంది చిన్నగా. "పావు అంగుళం పెరిగింది." మంచి కబురు చెబుదామనే నోరు తెరిచింది.

"అంటే అంతకుముందు తగ్గుతూ వచ్చిందన్నమాట" అన్నాడాయన. "నా చెయ్యి తగ్గుతున్న సంగతి నా ఒక్కడికే తెలీదు."

మేడమ్ కుడి భుజం మీద వేలితో నొక్కింది. ఆయన పళ్ళు బిగించాడు.

"ఇక్కడ నొప్పి ఎన్నాళ్ళుగా?"

"రెండు వారాలైంది."

"బల్ల అంచున తీసిన దండీలన్నీ ఇదే తీసింది. ఎడమది పక్కన కూర్చుంది." మేడమ్ ఆయన్ని గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. "మళ్ళీ ఇక్కణ్ణుంచే మొదలు. ఒక్కో చెయ్యి. ముందు ఎడమది. అది ఎన్ని తీస్తే కుడిది అన్నే. ఒక్కటి కూడా ఎక్కువ కాదు."

"పన్నెండు రోజుల్లో పరీక్ష మేడమ్."

"తెలుసు."

"అవుతుందా?"

మేడమ్ గోడ మీద చెయ్యి ఆనించాల్సిన చోటు చూపించింది.

ఒకటి. రెండు. మూడోదానికి మోచెయ్యి వణికింది. నాలుగోదానికి లోపలికి వంగాడు, నుదురు గోడకి తగిలింది, వెనక్కి రాలేకపోయాడు. వేలితో నెట్టితే వెనక్కి వచ్చేంత దూరం. టైలరమ్మ చెయ్యి దానంతట అదే ముందుకి వెళ్ళింది. మేడమ్ మణికట్టు పట్టుకుని ఆపింది.

"వద్దమ్మా."

"పడిపోతారు."

"గోడ ఉంది, పడరు. మీరు కాసేపు చేతులు కట్టుకోండి."

చేతులు కట్టుకుంది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆమె చేతులు కట్టుకుని నిలబడిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఏం చెయ్యాలో తెలియక ఆ చేతులు మోచేతుల్ని గట్టిగా పట్టుకున్నాయి.

కుడిచేత్తో మొదలుపెట్టాడు. మూడూ అలవోకగా అయిపోయాయి. నాలుగోదానికి వంగుతున్నాడు.

"ఆపండి."

"ఇది ఇరవై తీస్తుంది మేడమ్."

"తీస్తుంది. ఆపండి."

"నా కుడిచెయ్యి ఏం నేరం చేసింది?" ఆయన గొంతు పెరిగింది. "ఈ ఏడు నెలలూ నన్ను మోసింది ఇదొక్కటే. అన్నం తినిపించింది, బొత్తాలు పెట్టింది. దీన్ని ఎందుకు కట్టేస్తారు?"

"అది మీకు మరీ ఎక్కువ సాయం చేసింది సార్. అదే దాని నేరం."

టైలరమ్మకి చెంపలు మండాయి. ఆ మాట ఆయన చేతికి చెప్పారో తనకి చెప్పారో తేల్చుకోలేకపోయింది.

"ఇంట్లో లెక్క ఎవరు పెడతారు?" అని అడిగింది మేడమ్ టేపు తిరిగి ఇస్తూ.

"మా అమ్మ" అన్నాడాయన చొక్కా తొడుక్కుంటూ. ఎడమ భుజం కుట్టు చేతి మీదికి జారింది. సర్దుకోలేదు.

*

ఇంటికి వచ్చేదాకా ఎడమొహం పెడమొహం. వీధికి ఆ పక్కన ఆయన, ఈ పక్కన ఆమె. ఎదురొచ్చిన మందుల షాపాయన ఇద్దర్నీ చూసి ఎవర్ని పలకరించాలో తెలియక తన షాపు బోర్డునే పలకరించినట్టు తలాడించి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని ఆమె చొక్కాలు విప్పదీస్తోంది. కుట్టేటప్పుడు ఊడిరాకూడదని రెట్టింపు కుట్లు వేసింది. ఇప్పుడు చిన్న కత్తెరతో ఒక్కో దారం తెంపుతుంటే కళ్ళు మసకబారుతున్నాయి. ఆయన లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని పడుకున్నాడు.

అత్తగారు వచ్చి పక్కన కూర్చుని ఒక చొక్కా ఒళ్ళో వేసుకుంది. "నాకూ ఒక కత్తెర ఇవ్వు."

"మీకు కనపడదు అత్తయ్యా."

"కుట్టడానికి కనపడదు గానీ తెంపడానికేం?" చొక్కా భుజం తడిమింది. తర్వాత గొంతు తగ్గించింది. "అమ్మాయ్, నీకొకటి చెప్పాలి. వాడికి చెప్పకు."

"ఇంకా ఏముంది అత్తయ్యా?"

"వాడు దండీలు తీసేటప్పుడు లెక్కపెడతానా? ఆరు దాకా బాగానే పెడతాను. ఆరయ్యాక వాడి చెయ్యి వణుకుతుంది. అది చూస్తూ నా నోట్లోంచి ఏడు రాదే. ఎనిమిది అనేస్తాను. తర్వాత పది అనేస్తాను."

టైలరమ్మ కత్తెర ఆగింది. "అంటే పదంటే..."

"ఎనిమిది. ఏడూ తొమ్మిదీ మింగేశాను." ఆవిడ చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుంది. "నువ్వు బట్టతో, నేను నోటితో. పాపం వాడు లేవగానే 'అమ్మా, పది!' అని చంటిపిల్లాడిలా నా మొహం చూస్తాడే. ఎలా చెప్పను?"

తలుపు తెరుచుకుంది.

ఆయన గడప మీద నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో తెలియదు. ముందు నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చింది, అత్తాకోడళ్ళు ఒక మాట మీద ఉండటం ఆ ఇంట్లో అదే మొదటిసారి. తర్వాత ఆ నవ్వు మధ్యలో ఎక్కడో తెగిపోయింది.

"ఇంకెవరైనా ఉన్నారా? పాలవాడికి కూడా చెప్పి పెట్టారా?"

"ఒరేయ్ నాన్నా..."

"ఒక్కటే అడుగుతాను. నేను మళ్ళీ నిచ్చెన ఎక్కుతానని మీ ఇద్దరికీ నమ్మకం ఉందా?"

ఉందని అనాలి. రెండు అక్షరాల మాట. టైలరమ్మ దానికోసం లోపల వెతుక్కుంది. ఆయన లేచి తిరగాలని కోరిక ఉంది, ఆయన బాధపడకూడదన్న ఆత్రం ఉంది, నమ్మకం ఉందో లేదో ఆమెకే తెలియలేదు. వెతికి తెచ్చేసరికి ఆలస్యమైపోయింది.

"ఉందండీ" అంది.

ఆయన ఆ ఆలస్యాన్ని విన్నాడు. మాటని వినలేదు.

వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. తెంపిన ప్యాడులు ఆరు అక్కడ కుప్పగా పడి ఉన్నాయి. ఒకటి తీసుకుని ఎడమ చేత్తో నలిపాడు.

"తిట్టే ఓపిక లేదు నాకు" అన్నాడు చివరికి. "ఒక్కటి చెయ్యి. ఇకనుంచి నా దగ్గర ఏదీ దాచకు. ఎంత చేదైనా సరే, ముందు నాకు చెప్పు. నేను ఎక్కడున్నానో తెలియకుండా ఎలా లేస్తాను చెప్పు?"

"దాచను."

"ఒట్టు?"

"ఒట్టు" అంది. ఈసారి ఆలస్యం కాలేదు.

*

మర్నాడు పొద్దున ఆయన ఒంటి మీద చొక్కా లేకుండా లోపలి గదిలో గోడ ముందు నిలబడ్డాడు. అద్దం మీద రాత్రి తనే కప్పిన గుడ్డ తీసేశాడు. లెక్క తనే పైకి చెప్పుకుంటానన్నాడు. అత్తగారిని గదిలోకి రావద్దన్నాడు. ఆవిడ ముందు గదిలో కుర్చీలో కూర్చుని, అలవాటుగా లెక్క బయటికి వచ్చేస్తుందేమోనని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒకటి" అని వినిపించింది లోపలినుంచి.

టైలరమ్మ మిషను ముందు కూర్చుంది గానీ తొక్కడం లేదు.

"రెండు."

వీధి తలుపు చప్పుడైంది. అగ్నిమాపక కేంద్రం స్టోరు గుమాస్తా. రెండు మూడు నెలలకోసారి బట్టల మూట తెచ్చే మనిషే. ఎప్పుడూ లోపలికి వచ్చి మంచినీళ్ళు అడిగి నాలుగు కబుర్లు చెప్పేవాడు. ఇవాళ చెప్పులు విడవకుండా గుమ్మం అవతలే నిలబడి చిన్న కాగితం పొట్లం చాపాడు.

"ఒక్క జత అమ్మా. కాస్త త్వరగా కావాలట."

"కొలతలు?"

ఆయన చెప్పుల వైపు చూసుకున్నాడు. "మీ దగ్గర ఉంటాయి కదా."

ఆమె పొట్లం అంచు విప్పింది. బూడిద రంగు బట్ట. పైన గుచ్చిన చీటీలో పేరు చదవాల్సిన పని లేకపోయింది. ఒక జతకి తెగ్గోసిన బట్ట పొడుగు చూస్తేనే ఎవరిదో తెలిసిపోతుంది. ఆ కేంద్రంలో అంత పొడుగు మనిషి ఒక్కడే.

ఆమె రెండో చేత్తో తలుపు పట్టుకుంది.

"పరీక్ష ఇంకా పదకొండు రోజులు ఉంది కదండీ" అంది మెల్లిగా.

"ఉందమ్మా. పరీక్ష పరీక్షే. ఆఫీసరుగారు ముందే సిద్ధం చేసి ఉంచమన్నారు. గేటు దగ్గర కుర్చీ ఖాళీ అవుతోంది. నేను బట్ట మోసేవాణ్ణి, నాకేం తెలుసు?"

"ఆయనకి చెప్పారా?"

గుమాస్తా ఒక అడుగు వెనక్కి వేశాడు. "మీరు చెప్తారని అనుకున్నారమ్మా. ఆడవాళ్ళు చెబితే నెమ్మదిగా ఉంటుందని."

వెళ్ళిపోయాడు. మంచినీళ్ళు అడగలేదు.

"మూడు" అని వినిపించింది లోపల. ఆ తర్వాత అంకె రాలేదు.

టైలరమ్మ కదల్లేదు. అత్తగారూ కదల్లేదు. గోడ మీద అరచెయ్యి జారుతున్న చప్పుడు, బిగబట్టిన ఊపిరి, ముక్కుతూ మూలుగుతూ ఆయన గొంతు. నుదురు గోడకి తగిలిందేమోనని ఆమె కళ్ళు మూసుకుంది.

"నాలుగు!"

ఆ ఇంట్లో అంత గట్టిగా ఎవరూ అరిచి ఏడు నెలలైంది.

"అమ్మా, నాలుగు! విన్నావా? దొంగ లెక్క కాదు, నిజం నాలుగు! ఎడమ చెయ్యి! నిన్న రానిది ఇవాళ వచ్చింది! ఇదిగో, ఎక్కడున్నావు? ఒకసారి రా, టేపు తీసుకుని రా!"

అత్తగారు తువ్వాలు కళ్ళకి అద్దుకుని కోడలి వైపు తిరిగింది. అప్పుడు చూసింది ఆ బట్టని. ఏ రంగు ఎవరిదో ఆవిడకీ తెలుసు. మొహంలో నవ్వు అలాగే ఉండగానే కళ్ళు మారిపోయాయి. గబగబా లేచి, తువ్వాలు విప్పి, పొట్లం మీద కప్పడానికి చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు" అంది గుసగుసగా. "సాయంత్రం దాకా ఇవ్వు. ఈ ఒక్క పూట వాణ్ణి నవ్వనివ్వవే."

"ఎవరో వచ్చినట్టున్నారే?" అన్నాడాయన లోపల్నుంచి. "ఎవరు?"

"ఎవరూ..." అనబోయింది అత్తగారు.

టైలరమ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడ నోరు మూసుకుంది.

మిషను సొరుగు తెరిచే ఉంది. ఒక్క క్షణం చాలు. మూడు నెలలు దాచిన చేతికి ఒక్క పూట దాచడం ఎంత? నిన్నటి ఒట్టు గుర్తుంది. ఇప్పుడు విన్న నాలుగు కూడా చెవుల్లోనే ఉంది. చెబితే ఆ నాలుగు పోతుంది, చెప్పకపోతే ఒట్టు పోతుంది. ఎటు చూసినా పోయేది ఆయనదే.

తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఆయన అడుగులు ముందు గదిలోకి వస్తున్నాయి.

బట్ట ఆమె రెండు చేతుల్లో ఉంది. ఆయన చొక్కా వేసుకోకుండానే వస్తున్నాడు.